ముత్తాతగారి ఫొటోలో ఉన్నది ఫోనోగ్రాఫేనా? (ఫొటో జతచేశాను)

అరండల్‌పేట_7వలైను
జతచేసిన ఫొటో మా ముత్తాతగారిది. తలపాగా, కోటు, పంచె, కండువాతో కుర్చీలో కూర్చున్నారు. పక్కన టీపాయ్ మీద బూర ఉన్న మిషను. ఇంట్లో అందరూ దీన్ని "1895లో కొన్న ఎడిసన్ ఫోనోగ్రాఫు" అంటారు. ఆ బూర మిషను ఇప్పుడు లేదు. అటక మీద మాత్రం నల్ల రెక్సిన్ పెట్టె ఒకటి దొరికింది. మూత తీస్తే తిరిగే పళ్లెం, కుక్క బొమ్మ, హెచ్.ఎం.వి అని పేరు. పక్కన మూడు డజన్ల దాకా పాటల ప్లేట్లు (రికార్డులు). కీ తిప్పితే లోపల ధడ్ ధడ్ మని కొడుతోంది.

పాత సామాన్ల వ్యాపారి ఒకాయన ఫొటో చూసి, "అచ్చం ఇట్టాంటిదే నా దగ్గరుంది, ఇత్తడి బూర. మీ నల్లపెట్టె ఇచ్చి పైన 12 వేలు ఇవ్వండి" అంటున్నాడు. ఫొటోలో ఉన్న మిషను ఏది, ఎప్పటిది? ఈ మార్పిడి లాభమేనా? ధడ్ ధడ్ ఎందుకు?

లక్కప్లేటు
చివరి ప్రశ్నకు ముందు జవాబు: ఇక కీ తిప్పకండి. మార్పిడికి: వద్దే వద్దు. మొదటిదానికి పెద్ద స్కాను కావాలి. ఈ ఫోను ఫొటోలో బూర తప్ప ఇంకేం కనపడట్లా.

బెజవాడ_బూర
1895 అయ్యే పనే కాదు. ఆ బూర చూడండి, ఉమ్మెత్త పువ్వులా రేకులు రేకులుగా విచ్చుకుని ఉంది. రేకు ముక్కలు అతికి చేసే ఈ పువ్వు బూరలు 1900 దాటాక కొన్నేళ్లకు గానీ వాడకంలోకి రాలేదు. అంతకుముందువి తిన్నటి గరాటులు. ఎడిసన్ కంపెనీ అయితే తన మిషన్లతో పాటు పువ్వు బూర ఇవ్వడం మొదలుపెట్టింది 1907లో. అసలు ఇళ్లకోసమని చేసిన ఎడిసన్ "హోం" మిషనే 1896ది, "స్టాండర్డు" 1898ది. 1895లో ఇది మన గుంటూరుకు ఎట్టా వచ్చినట్టు?

సూదిమొన
బూర తర్వాత మార్చుకుని ఉండొచ్చుగా. పెట్టె చిన్నగా, కాస్త పొడుగ్గా ఉంది, నాకు ఎడిసన్ స్టాండర్డు పోలికలే కనిపిస్తున్నాయి. ఇంట్లోవాళ్ల మాట అంత తొందరగా కొట్టెయ్యక్కర్లేదు.

లక్కప్లేటు
పెట్టె కాదు సూదిమొన గారూ, బూర తోక ఎటు పోతుందో చూడాలి.

ఫోనోగ్రాఫులో పాట ఉండేది మైనపు గొట్టం మీద. సుమారు రెండుంపావు అంగుళాల వ్యాసం, నాలుగుంపావు పొడవు. దాన్ని పెట్టె పైన అడ్డంగా ఉండే లోహపు గొట్టానికి తొడుగుతారు. నిమిషానికి 160 చుట్లు. పాట చదివే భాగాన్ని పక్కకు జరిపేది మరచుట్టున్న ఇరుసు. కాబట్టి బూర తోక పెట్టె నడి నెత్తి మీదికే రావాలి. పెద్ద బూర అయితే దాని బరువు మొయ్యడానికి ముందు నుంచి ఒక కొక్కెం కడ్డీ, గొలుసు కూడా కనపడాలి.

గ్రామఫోనుకు మరచుట్టు ఇరుసు అక్కర్లేదు, ప్లేటు మీది గాడే సూదిని లోపలికి లాక్కుపోతుంది. పెద్ద బూరవి తోక పెట్టె వెనక్కి దిగి, మోచెయ్యిలా వంగి, ఒక బ్రాకెట్ మీద కూర్చుంటుంది. అక్కణ్ణుంచి సన్నబడుతూ వచ్చే గొట్టపు చెయ్యి ప్లేటు మీదికి వస్తుంది. ఈ ఫొటోలో తోక వెనక్కే దిగింది. గొలుసూ లేదు, కడ్డీ లేదు.

కీ_ఇచ్చేవాడు
+1. పైగా ఆ టీపాయ్ గుడ్డ పైన, పెట్టె మీద సన్నటి నల్లగీత ఉందే, అది పక్కనుంచి కనిపిస్తున్న ప్లేటు.

సూదిమొన
ఆ గీత నీడ కూడా కావొచ్చు. స్కాను రానివ్వండి, అప్పుడు ఒప్పుకుంటా.

పాత_ఫొటోలు_గుంటూరు
స్కాను చేసేముందు రెండు మాటలు. అట్ట వంకర తిరిగి ఉంటే బలవంతంగా అదమొద్దు, అట్ట విరిగితే దానితోపాటు బొమ్మా చీలుతుంది. అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పడకూడదు. తడిబట్ట, స్పిరిట్, రబ్బరు ఏదీ వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. 1200 డీపీఐ పెట్టండి, రంగుల్లోనే. నలుపు తెలుపు ఫొటోయే కదా అని గ్రేలో చేస్తే కాగితం పసుపు, అంచుల మెరుపు అన్నీ పోతాయి, మాకు కావాల్సినవి అవే. "ఆటో కరెక్షన్" ఆపెయ్యండి. టిఫ్‌లో దాచుకుని ఇక్కడికి జేపెగ్ పెట్టండి.

వెనకవైపు కూడా కావాలి. స్టూడియో పేరు అచ్చొత్తి ఉంటే స్కానులో కనపడదు. గది చీకటి చేసి, టార్చి పక్కనుంచి అట్టకు దాదాపు సమానంగా వాల్చి వెయ్యండి. అరిగిన అక్షరాలు నీడలతో పైకి తేల్తాయి. అట్ట కొలత కూడా చెప్పండి.

అరండల్‌పేట_7వలైను
అట్ట నాలుగుంపావు, ఆరున్నర అంగుళాలు. ముదురు బూడిద రంగు. కింద అచ్చొత్తిన పేరు సగం అరిగింది, టార్చి వేస్తే "బెజవాడ" మాత్రం చదవగలిగాను, ఇంగ్లీషు అక్షరాల్లో. అంచుల దగ్గర నలుపు ఉన్నచోట అద్దంలా నీలంగా మెరుస్తోంది. వెనక ఏమీ లేదు. కొత్త స్కాను పెట్టాను.

పాత_ఫొటోలు_గుంటూరు
ఆ కొలత క్యాబినెట్ సైజు, అంటే అట్టకు అతికించే స్టూడియో ఫొటోల కొలత. ఆ నీలి మెరుపు వెండి పైకి తేలడం, జెలటిన్ ప్రింటు లక్షణం. గుడ్డు తెల్లసొన పూసిన పాత కాగితం అయితే తెలుపు పసుపుగా మారి, నలుపు గోధుమరంగుకు దిగుతుంది, భూతద్దంలో కాగితం నారలు కూడా కనపడతాయి. మీ ప్రింటులో అవేం లేవు. ముదురు అట్ట, రంగు లేని అచ్చు. నా అంచనా 1910కి అటూ ఇటూ, ఇంకాస్త తర్వాతైనా ఆశ్చర్యం లేదు.

"బెజవాడ" అన్న పేరుతో తేదీ కట్టకండి. 1948 డిసెంబరు 1న రేడియో కేంద్రం మొదలైంది విజయవాడ పేరుతోనే. అయినా ఇవాళ్టికీ బస్సు క్లీనర్లు "బెజవాడ బెజవాడ" అనే అరుస్తారు.

బెజవాడ_బూర
ఆగండాగండి. మొదటి ఫొటోకీ ఈ స్కానుకీ తేడా గమనించారా? పెట్టె ముందు కుక్క బొమ్మ ఉంది. హెచ్.ఎం.వి బొమ్మలో కుక్క ఎడమ పక్కన, బూర కుడి పక్కన ఉంటాయి. మొదటి ఫొటోలో కుక్క కుడి పక్కకొచ్చింది! స్కానులో సరిగ్గా ఉంది.

మంగళగిరి_జరీ
నేనూ అదే రాయబోతున్నా. మొదటి ఫొటోలో కండువా కుడి భుజం మీద, కోటు బొత్తాలు ఆడవాళ్ల రవిక పద్ధతిలో ఉన్నాయి. మగవాళ్ల కోటుకు ఎడమ అంచు పైకి రావాలి. పాత ఫొటో తిరగబడిందో లేదో చూడ్డానికి బొత్తాలు, కండువా, జంధ్యం చూస్తే చాలు, మిషను దాకా పోనక్కర్లేదు.

అరండల్‌పేట_7వలైను
సెల్ఫీ కెమెరాతో తీశాను. క్షమించాలి.

కీ_ఇచ్చేవాడు
ముత్తాతగారితో సెల్ఫీ 😄

సూదిమొన
స్కాను చూశా. ప్లేటు ఉంది, వెనక మోచెయ్యి ఉంది, కుక్క ఉంది. ఒప్పుకున్నా, గ్రామఫోనే. అయినా ఆ కుక్క అసలు కూర్చుంది ఫోనోగ్రాఫు ముందే కదా!

లక్కప్లేటు
నిజమే. ఫ్రాన్సిస్ బరో ముందు గీసింది మైనపు గొట్టాల మిషను ముందు కూర్చున్న కుక్కను. గ్రామఫోను కంపెనీ (హెచ్.ఎం.వి వాళ్లే) 1899లో బొమ్మ కొంటూ, ఆ మిషను చెరిపి తమ ప్లేట్ల మిషను గీయించింది. అసలు కాన్వాసు మీద రంగు కింద పాత మిషను ఇంకా ఉందంటారు. కుక్క, ముత్తాతగారు ఒకటే పార్టీ.

కీ_ఇచ్చేవాడు
స్కాను మీద కొలత వేశా. వాలుగా చూస్తే గుండ్రటి ప్లేటు కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది, కానీ దాని పొడవాటి అడ్డకొలత పెద్దగా మారదు. అదే స్కేలు. స్కానులో ప్లేటు పొడవు 21 మిల్లీమీటర్లు, బూర మూతి 43. ప్లేటు 10 అంగుళాలది అనుకుంటే మూతి 20 అంగుళాలు దాటింది. అయితే మూతి కెమెరాకు దగ్గరగా ఉంది కాబట్టి ఉన్నదానికంటే పెద్దదిగా పడి ఉంటుంది. 18 నుంచి 20 మధ్య అనుకోండి. ప్లేటు 12 అంగుళాలదైతే లెక్కంతా మారిపోతుంది, కానీ అది పళ్లెం అంచు దాటి పెద్దగా బయటికి రాలేదు, 10 అనే నా నమ్మకం.

గవర్నరుపేట_గడియారం
అందరూ బూర చూస్తున్నారు, నేను కీ చూస్తున్నా. కీ లేదు. పెట్టె పక్కన కీ దూరే కన్నం నల్లగా కనిపిస్తోంది, పిడి లేదు. సౌండ్ బాక్స్ (సూదిని పట్టుకునే గుండ్రటి భాగం) ప్లేటు మీద వాలి ఉంది, సూది మాత్రం లేదు, 1200లో జూమ్ చేసి చూడండి. పాడని మిషను ఇది. స్టూడియో సామాను. కుర్చీ, టీపాయ్, పూలకుండీ, వెనక రంగుల తెర ఎట్టాగో ఇదీ అట్టాగే.

బెజవాడ_బూర
అది సాక్ష్యం కాదు మాస్టారూ. కీ మరతో బిగించేదే, తిప్పడం అయ్యాక వెనక్కి విప్పి దాచేవాళ్లు. కెమెరాకు అడ్డం వస్తుందని ఫొటోగ్రాఫరే తీయించి ఉండొచ్చు. సూది ప్రతి పాటకీ మార్చేదే, పాట లేనప్పుడు ఉండకపోవడంలో వింతేం లేదు.

గవర్నరుపేట_గడియారం
పాట లేనప్పుడు సౌండ్ బాక్స్ ప్లేటు మీద దించి పెట్టేవాణ్ణి చూపించండి. సూది లేని సౌండ్ బాక్స్‌ను ప్లేటు మీద దించితే స్క్రూ తగిలి గీత పడుద్ది. సొంతదారు ఆ పని చెయ్యడు.

మంగళగిరి_జరీ
నాదీ స్టూడియో సామాను పార్టీయే. టీపాయ్ గుడ్డ మడతలు చూడండి, ఇస్త్రీ చేసి కొత్తగా పరిచింది. మిషను కాళ్ల కింద గుడ్డ నలగలేదు.

పాత_ఫొటోలు_గుంటూరు
ఈ వాదన ముగించే కాగితం నా దగ్గరుందనుకుంటా. ఇదే అచ్చు ఉన్న ఇంకో క్యాబినెట్ కార్డు నా ఆల్బంలో ఉంది. వేరే కుటుంబం, భార్యాభర్తలు, ఒక పిల్లాడు. పక్కన అదే టీపాయ్, అదే మిషను. పెట్టాను చూడండి. పై నుంచి ఎడమ వైపు మూడో రేకు అంచులో సొట్ట ఉంది, రెండు ఫొటోల్లోనూ. దానికింద పెయింటు లేచిన తెల్ల మచ్చ కూడా అదే చోట. కీ ఇందులోనూ లేదు.

బెజవాడ_బూర
సొట్ట దగ్గర వాదన లేదు. దండం.

అరండల్‌పేట_7వలైను
అయితే మా ముత్తాత దగ్గర గ్రామఫోనే లేనట్టా? మా అమ్మకు ఎట్టా చెప్పాలి?

లక్కప్లేటు
ఫొటో ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. అసలు సాక్ష్యం మీ ప్లేట్లు. ఒక్కొక్కటీ చూడండి: రెండు పక్కలా గీతలున్నాయా, లేబుల్ మీద బొమ్మ ఏంటి, ఎక్కడ తయారైందని రాసుంది?

అరండల్‌పేట_7వలైను
ఎక్కువ రెండు పక్కలా ఉన్నవే. నాటకాల పద్యాలు, సినిమా పాటలు, హెచ్.ఎం.వి, కొలంబియా, ఓడియన్. ఒక్కటి మాత్రం వేరే. ఒకవైపే గీతలు, వెనక బోడి. లేబుల్ మీద రెక్కలున్న పిల్లాడు కూర్చుని ఈకతో రాస్తున్నాడు. కింద హానోవర్ అని ఉంది.

లక్కప్లేటు
అదీ! అది దేవదూత లేబుల్. గ్రామఫోను కంపెనీ 1909లో లేబుల్ మీద దేవదూతను తీసి కుక్కను పెట్టింది. మన దేశంలో తొలి గ్రామఫోను రికార్డింగులు 1902 నవంబరులో, కలకత్తాలో. కంపెనీ రికార్డింగు మనిషి గైస్‌బర్గ్ వచ్చి చేశాడు, గాయని గౌహర్ జాన్ పాడింది అప్పుడే. మైనం మూసలు జర్మనీలోని హానోవరుకు పంపి, ప్లేట్లు చేయించి, ఓడలో వెనక్కి తెప్పించేవాళ్లు. కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ 1908లో వచ్చింది. కాబట్టి మీ ఒంటిపక్క ప్లేటు ఆ మధ్య కాలంది. నల్లపెట్టె పుట్టడానికి చాలా ముందుది.

గవర్నరుపేట_గడియారం
ప్లేటు పాతదైతే ఇంట్లోకి అప్పుడే వచ్చినట్టు కాదుగా. పాత పుస్తకాల కొట్లలో కిలోల లెక్కన కొన్నవాళ్లు ఎంతమంది లేరు.

లక్కప్లేటు
కావొచ్చు. కానీ మిగతా అన్నీ నాటకాలు, సినిమాలు అయినప్పుడు ఈ ఒక్కటే సంతలో ఏరి కొన్నారంటే నాకు నమ్మబుద్ధి కావట్లా.

బెజవాడ_బూర
ఇక ఆ ఇత్తడి బూర సంగతి. చూడకుండానే చెప్తా, అది కొత్తగా అతికిన మిషను. అప్పటి అసలు బూరలు ఎక్కువగా రంగు వేసిన రేకువి, కొన్ని చెక్కవి. తళతళలాడే పలచటి ఇత్తడి పువ్వు బూర అంటేనే అనుమానించాలి. ఎనిమిది మూలల పెట్టె ఉంటే అనుమానం కూడా అక్కర్లేదు, హెచ్.ఎం.వి అట్టాంటి పెట్టె చెయ్యనే లేదు. బూర తోక నుంచి ప్లేటు దాకా వచ్చే గొట్టం అసలుదాంట్లో క్రమంగా సన్నబడుతుంది, నకిలీలో ఒకే లావు పైపు, అతుకుల దగ్గర సీసం గడ్డలు. పెట్టె అడుగు తిప్పి చూస్తే పచ్చి చెక్క, పాలిష్ వాసన. అన్నిటికంటే తేలిక పరీక్ష స్క్రూలు. ప్లస్ గుర్తు స్క్రూలు 1930లకు ముందు లేనే లేవు. 1910 మిషనులో అన్నీ ఒంటి గాడివే ఉండాలి.

ఇంకో మాట. ఆయనకు మీ నల్లపెట్టె ఎందుకు కావాలో తెలుసా? నకిలీ బూర మిషన్లలో తిరిగేవి మీ నల్లపెట్టెలాంటి పోర్టబుళ్ల (చేత్తో మోసుకెళ్లే మిషన్ల) మోటార్లే. మీ మోటారు రేపు ఇంకో ఇత్తడి బూర కింద ఉంటుంది.

కీ_ఇచ్చేవాడు
అవయవ దానం.

గవర్నరుపేట_గడియారం
నల్లపెట్టె సౌండ్ బాక్స్ మీద నంబరు చదవండి.

అరండల్‌పేట_7వలైను
5బి.

గవర్నరుపేట_గడియారం
అయితే అది హెచ్.ఎం.వి 102 రకం అయి ఉండాలి, 1931లో మొదలైన పోర్టబుల్. మంచి మిషను, ముత్తాతది కాకపోతే తాతది.

ఆ ధడ్ ధడ్: మెయిన్ స్ప్రింగు డ్రమ్ములో గ్రీజు ఎండి బంకైపోయింది. చుట్లు ఒకదానికొకటి అంటుకుని, బలం ఎక్కువయ్యాక ఒక్కసారి ఊడతాయి, ఆ దెబ్బే వినిపిస్తోంది. అట్టాగే తిప్పుతూ పోతే స్ప్రింగు విరుగుతుంది, విరిగిన దెబ్బకు గేరు పళ్లు కూడా పోవచ్చు.

పని వరస ఇది. బ్రేకు వదిలి పళ్లెం దానంతట అది ఆగేదాకా తిరగనివ్వండి. పూర్తిగా దిగకుండా మోటారు విప్పొద్దు. పళ్లెం రెండు చేతుల్తో నిటారుగా పైకి లాగండి. రాకపోతే ఒకరు పళ్లాన్ని పైకి పట్టుకుంటే, ఇంకొకరు నడిమి కడ్డీ మీద చెక్కతో చిన్నగా తట్టాలి, సుత్తి వద్దు. బోర్డు స్క్రూలు విప్పి మోటారు బయటికి తియ్యండి. డ్రమ్ము మూత తీసే పని మీరు చెయ్యకండి. కీ దిగినా లోపల స్ప్రింగుకు బలం మిగిలే ఉంటుంది, ఒక్కసారి బయటికి దూకితే వేళ్లు కోస్తుంది. పాత గడియారాలు బాగుచేసేవాళ్లకు ఇవ్వండి: తోలు గ్లౌజు, గోనె సంచి, నడిమి చుట్టు నుంచి మెల్లగా. కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, గ్రాఫైటు పొడి కలిపిన గ్రీజు పల్చగా పూసి మళ్లీ చుడతారు. పగులు ఎక్కువగా వచ్చేది కొక్కెం తగిలే చివర కన్నం దగ్గర, అది చూడమనండి.

గవర్నరు (వేగాన్ని అదుపు చేసే భాగం) ఇరుసుకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు. గవర్నరుకు రుద్దుకునే ఫెల్టు ముక్కకు ఒక చుక్క, అది ఎండితే కీచుమంటుంది. కొబ్బరినూనె, ఆముదం పోసి ఉంటే మొత్తం గోకాల్సిందే. మన ఇళ్లల్లో సగం మిషన్లు చచ్చింది వాటివల్లే.

సూదిమొన
సౌండ్ బాక్స్ కూడా వదలొద్దు. పెద్ద స్వరం వచ్చినప్పుడు జుయ్యిమంటే లోపలి రబ్బరు రాయైపోయినట్టే. 5బిలో పాటకు అదిరే పలక అల్యూమినియం, వేలు తగిలినా సొట్ట. పాత రబ్బరు ఎంత మందమో అంతే మందంలో మెత్తటిది వెయ్యాలి, బిగిస్తే గొంతు పూడుకుపోతుంది. వెనక గొట్టానికి తగిలించే రబ్బరు కూడా చూడండి, అక్కడ గాలి పోతే బేస్ మొత్తం మాయం. పాతకాలం మిషన్లలో పలక అభ్రకం, అది పొర లేస్తే మార్చడమే.

మంగళగిరి_జరీ
అభ్రకం అంటే అభ్రకం గనుల గూడూరు గుర్తొచ్చింది, అంతే. కొనసాగించండి.

కీ_ఇచ్చేవాడు
వేగం పరీక్ష: పళ్లెం అంచున తెల్ల కాగితం ముక్క అంటించి, ప్లేటు పెట్టి, సూది దించి, పాడుతుండగా 20 సెకన్లలో 26 చుట్లు లెక్కపెట్టండి. అదే నిమిషానికి 78. సూది లేకుండా లెక్కిస్తే తప్పు వస్తుంది, సూది బరువుకు వేగం తగ్గుతుంది. స్ట్రోబ్ కాగితం (పళ్లెం మీద పెట్టి వేగం చూసే గీతల కాగితం) వాడితే మన 50 సైకిళ్ల కరెంటుకు 77 గీతలది తీసుకోవాలి. ఎల్‌ఈడీ కింద చాలాసార్లు పని చెయ్యదు, పాత గుండు బల్బు కావాలి.

అరండల్‌పేట_7వలైను
ప్లేట్లు స్పిరిట్‌తో తుడవనా? బూజు పట్టాయి. ఘంటసాల ఎల్‌పీ (తర్వాతి కాలం ప్లాస్టిక్ ప్లేటు) కూడా ఒకటుంది, ఇందులో పెట్టొచ్చా?

లక్కప్లేటు
స్పిరిట్ ముట్టుకోవద్దు! 78 ప్లేటులో ఉన్నది లక్క, స్పిరిట్‌లో కరిగిపోతుంది. గోరువెచ్చటి కూడా కాదు, మామూలు నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తటి బ్రష్ గాడి వెంట గుండ్రంగా. లేబుల్ తడవకూడదు. వెంటనే తుడిచి, నిలబెట్టి ఆరబెట్టండి. తర్వాత కూడా నిలబెట్టే ఉంచండి, అటక మీద మాత్రం వద్దు. రోహిణి కార్తెలో రేకుల కింద లక్క మెత్తబడి అప్పడంలా వంగుద్ది.

ఎల్‌పీ పెడితే ఒక్క పాటకే దున్నేస్తుంది. సౌండ్ బాక్స్ బరువు వంద గ్రాముల పైమాటే.

సూదిమొన
వంగిన ప్లేటును రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచితే తిన్నగా అవుతుంది.

లక్కప్లేటు
బెజవాడ ఎండలోనా? తిన్నగా కాదు, ముద్దగా అవుతుంది. ఏప్రిల్, మేల్లో ఆ పని వద్దు. ఆ దేవదూత ప్లేటుకైతే ఏ నెలలోనూ వద్దు.

బెజవాడ_బూర
ఉక్కు సూది ఒక్కటి ఒక్క పక్కకే. తిప్పి రెండోవైపు వేసేముందు కొత్తది. సూది మొన గాడిలో అరిగి ఉలిలా పదునెక్కుతుంది, రెండోసారి అదే గాడిని చెక్కేస్తుంది. పాత డబ్బాలో తుప్పుపట్టినవి దొరికినా వాడొద్దు. కొత్తవి దొరుకుతున్నాయి.

అరండల్‌పేట_7వలైను
స్ప్రింగు పని అయింది. గవర్నరు మీద కొబ్బరినూనె బంక ఉందట, గడియారం మాస్టారు అన్నట్టే. 20 సెకన్లకు 24 చుట్లు వస్తున్నాయి, సూది దించి.

కీ_ఇచ్చేవాడు
స్పీడు మీట ఎక్కువ వైపు జరపండి. జరిపినా 26 రాకపోతే ఫెల్టు ముక్క మరీ గట్టిగా రుద్దుకుంటోంది.

అరండల్‌పేట_7వలైను
జరిపితే వచ్చింది. వ్యాపారి మళ్లీ ఫోను చేశాడు, పైన 12 వేలు అక్కర్లేదు, పెట్టెకు పెట్టె అంటున్నాడు. చూసొస్తానని వెళ్లి బూర మోచెయ్యి దగ్గర ఫొటో తీశా, ఈసారి వెనక కెమెరాతోనే. నాలుగు స్క్రూలు. నాలుగూ ప్లస్సే.